కారు ఏసీలో గ్యాస్ ఎటు పోతుంది?

అమెరికాలోని ప్యాకార్డ్ కంపెనీ 1939లో ఏసీ బిగించిన కారును జనం ముందుకు తెచ్చింది. చల్లగాలి కావాలనుకున్నవాళ్లు 274 డాలర్లు అదనంగా చెల్లించాలి. కూలింగ్ కాయిల్ వెనక డిక్కీలో సగం చోటు ఆక్రమించేది. చలి ఎక్కువైతే కంప్రెసర్‌ను ఆపడానికి స్విచ్చి లేదు. ఇంజిన్ ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాల్సిందే! 1941 తర్వాత కంపెనీ ఆ ఏసీని మానుకుంది. 1953లో క్రైస్లర్ ఇంపీరియల్ కారుతో ఏసీ మళ్లీ వచ్చింది. మరుసటి ఏడాది నాష్ కంపెనీ మొత్తం సరంజామాను డిక్కీలోంచి తీసి కారు ముందు భాగంలో ఇమిడ్చింది. ఇప్పటి కార్ల ఏసీలు ఆ అమరిక బాటలోనే సాగుతున్నాయి.

పని తీరు మాత్రం 1939 నాటిదే. మట్టికుండ పైన చెమ్మ ఆరుతూ లోపలి నీళ్లను చల్లబరిచినట్టే, కూలింగ్ కాయిల్‌లో ద్రవం ఆవిరవుతూ కారు లోపలి వేడిని లాక్కుంటుంది. అయితే కుండలోంచి పోయిన ఆవిరి గాలిలో కలిసిపోతుంది, అందుకే దానికి రోజూ నీళ్లు పోస్తాం. ఏసీలో ఆవిరిని కంప్రెసర్ పట్టి నొక్కుతుంది. రేడియేటర్ ముందుండే కండెన్సర్‌లో అది వేడిని వదిలి మళ్లీ ద్రవమవుతుంది, ఎక్స్‌పాన్షన్ వాల్వు సన్నని సందులోంచి తిరిగి కాయిల్‌లోకి చేరుతుంది. అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది.

పెట్రోలులా గ్యాస్ ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారిందనే అర్థం.

ఇంట్లో ఫ్రిజ్ పదేళ్లయినా గ్యాస్ అడగకపోవచ్చు, కారు ఏసీ మాత్రం అడుగుతుంది. ఫ్రిజ్‌లో మోటారూ కంప్రెసరూ ఒకే ఇనుప డబ్బాలో ఉంటాయి, దాన్ని వెల్డింగ్ చేసి మూసేస్తారు. మామూలు పెట్రోలు, డీజిల్ కార్లలో కంప్రెసర్‌ను ఇంజిన్ బెల్టు తిప్పాలి కాబట్టి దాని షాఫ్టు బయటికి రాక తప్పదు. ఆ షాఫ్టు చుట్టూ ఉండే సీలు అరుగుతుంది. ఇంజిన్ అదురుకు తట్టుకోవాలని వేసిన రబ్బరు గొట్టాలు, అతుకుల దగ్గరి ఓ-రింగులు కాలం గడిచేకొద్దీ గట్టిపడతాయి. ముందు వరసలో నిలబడ్డ కండెన్సర్‌కు రోడ్డు మీది రాళ్లన్నీ తగులుతాయి.

అలా కారిన గ్యాస్ చాలా దూరం వెళ్లింది. జనరల్ మోటార్స్‌లో పనిచేసిన థామస్ మిడ్జ్లీ 1928లో ఆర్-12 వాయువును రూపొందించాడు. కార్ల ఏసీల్లో చాలాకాలం అదే నింపారు. అది అంటుకోదు, విషం కాదు అని చూపడానికి 1930లో రసాయన శాస్త్రవేత్తల సభలో దాన్ని పీల్చి, కొవ్వొత్తి మీద ఊది ఆర్పేశాడు. దానిలోని క్లోరిన్ ఓజోన్ పొరను తినేస్తుందని 1974లో రసాయన శాస్త్రవేత్తలు మొలీనా, రోలాండ్ హెచ్చరించారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ రంధ్రం సంగతి బయటపడింది, 1987లో అలాంటి వాయువుల వాడకాన్ని తగ్గించే మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ఆర్-12 స్థానంలో వచ్చిన ఆర్-134ఏ ఓజోన్ జోలికి పోదు గానీ భూమిని వేడెక్కిస్తుంది. వందేళ్ల లెక్కలో దాని అరకిలో సుమారు 700 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అందుకే 2017 నుంచి యూరప్ కొత్త కార్లలో దాన్ని వాడనివ్వడం లేదు. అక్కడ ఎక్కువగా ఆర్-1234వైఎఫ్ నింపుతున్నారు.

కూలింగ్ రావడం లేదని షెడ్డుకు తీసుకెళ్తే, పని తెలిసిన మెకానిక్ సిలిండర్ కంటే ముందు గేజులు తీస్తాడు. నీలం గొట్టం లో సైడ్‌కు (తక్కువ పీడనం వైపు), ఎర్ర గొట్టం హై సైడ్‌కు (ఎక్కువ పీడనం వైపు). ఆర్-134ఏ ఉన్న బండిని 30 డిగ్రీల వేడిలో చాలాసేపు ఆపి ఉంచితే రెండు ముళ్లూ దాదాపు 95 పీఎస్ఐ దగ్గర ఉంటాయి. లోపల కాస్త ద్రవం మిగిలినా అంతే చూపిస్తాయి, నిండుగా ఉన్నా అంతే. ఇంజిన్ తిరిగేటప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. రెండూ తక్కువ చూపిస్తే సాధారణంగా గ్యాస్ తగ్గినట్టు. రెండూ ఎక్కువైతే కండెన్సర్‌కు దుమ్ము పట్టిందో, ఫ్యాన్ తిరగడం లేదో, ఎవరో గ్యాస్ ఎక్కువ కొట్టారో చూడాలి. లో సైడ్ ఎక్కువ, హై సైడ్ తక్కువ అయితే కంప్రెసర్ మీద అనుమానం.

లీకు తానే గుర్తు వదులుతుంది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా బయటికొస్తుంది కాబట్టి, కారిన చోట జిడ్డు మరక, దాని మీద దుమ్ము పేరుకుంటాయి. కంటికి దొరక్కపోతే నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగతో వెతుకుతారు, లేదా రంగు కలిపి అల్ట్రావయొలెట్ లైటు కింద చూస్తారు.

లీకు కట్టాక వ్యాక్యూమ్ పంపు పెడతారు. ఆ శూన్యంలో లోపలి తేమ మామూలు వేడికే మరిగి బయటికి వచ్చేస్తుంది. అరగంట తర్వాత పంపు ఆపి ముల్లును గమనించాలి. అది వెనక్కి జరుగుతుంటే లీకు ఇంకా ఉన్నట్టే, గ్యాస్ నింపకూడదు. కదలకుండా ఉంటే, బానెట్ కింది స్టిక్కరులో రాసినన్ని గ్రాములు త్రాసు మీద తూచి ఎక్కించాలి. ఎక్కువ కొడితే చల్లదనం పెరగదు, తగ్గుతుంది. కంప్రెసర్ మీద భారమూ పడుతుంది.

ప్రతి వేసవికీ గ్యాస్ కొట్టించుకునే యజమాని బిల్లు కట్టేముందు రెండు సంగతులు అడిగి తెలుసుకోవాలి: లీకు ఎక్కడ దొరికింది, ఎన్ని గ్రాములు ఎక్కించారు?