కొరియా ప్యాలెస్‌ల రంగుల వెనుక ఇంత కథ ఉందా? ఐదు నెలలకే పెచ్చులూడిన ‘దాన్‌చోంగ్’!

కొరియన్ సీరియల్స్ చూస్తారా? అయితే రాజుల ప్యాలెస్‌లు గుర్తుండే ఉంటాయ్. ఎర్రటి స్తంభాలు, చూరు కింద ఆకుపచ్చ, నీలం పువ్వుల డిజైన్లు. ఆ పెయింటింగ్‌నే ‘దాన్‌చోంగ్’ అంటారు. అంటే ఎరుపు, నీలం అని అర్థం.

ఇది ఒట్టి అందం కోసమే కాదు. కట్టడమంతా చెక్కే కదా.. తేమ, పురుగు పట్టకుండా ఈ పూత కాపాడుతుంది. జోసన్ రాజుల కాలంలో ప్యాలెస్‌లు, గుళ్ల లాంటి కట్టడాలకే ఈ హోదా. ఎంత డబ్బున్నా సామాన్యులు ఇంటికి వేయించుకోకూడదు!

ముందు చెక్కకు జిగురు పూసి, ఆకుపచ్చ పూత వేస్తారు. కాగితంపై డిజైన్ గీసి, గీతల వెంట సూదితో చిల్లులు పెడతారు. దాన్ని చెక్కకు ఆనించి, పొడి మూటతో తడతారు. మన చిల్లుల అచ్చుతో ముగ్గు వేసినట్టే! తర్వాత ఆ గీతల్లో రంగులు నింపుతారు. నీలం, ఎరుపు, పసుపు, తెలుపు, నలుపు.. ఈ ఐదే మూలం.

అసలు చిక్కంతా జిగురుతోనే. పాతరోజుల్లో రాళ్లు, ఖనిజాల పొడిని జంతు చర్మం నుంచి కాచిన జిగురులో కలిపేవారు. తర్వాత కెమికల్ రంగులు వచ్చాయి. పని సులువైంది, పాత పద్ధతి మూలనపడింది. దాని ఫలితం 2013లో తెలిసొచ్చింది.

సియోల్ నడిబొడ్డున సుంగ్న్యేమున్ అనే నగర ద్వారం ఉంది. 2021 దాకా అది కొరియా ‘నంబర్ 1’ జాతీయ సంపద. భూమి పరిహారం చాలలేదన్న కోపంతో 2008 ఫిబ్రవరి 10 రాత్రి ఓ వృద్ధుడు దానికి నిప్పు పెట్టాడు. టీవీల్లో లైవ్ చూస్తూ జనం ఏడ్చేశారు. ఈసారి అచ్చంగా పాత పద్ధతిలోనే కడతామని ప్రభుత్వం మాటిచ్చింది. 2013 మేలో ద్వారం మళ్లీ తెరిచారు.

అక్టోబర్‌కల్లా రంగులు పెచ్చులూడటం మొదలైంది!

ఆరా తీస్తే అసలు సంగతి బయటపడింది. పెయింటింగ్ బాధ్యత తీసుకున్న పెద్ద కళాకారుడికి ఆ పాత పద్ధతి సరిగ్గా చేతిలో లేదు. జిగురు కుదరక, గుట్టుగా కెమికల్ రంగులు, కెమికల్ జిగురు కలిపేశారు. ప్రభుత్వం కోర్టుకెక్కింది. 2022లో తీర్పొచ్చింది.. ఆయన, ఆయన శిష్యుడు కలిసి 94 కోట్ల వోన్లకు పైగా కట్టాలని. మన డబ్బుల్లో ఐదున్నర కోట్ల పైమాటే!