గుండె గుభేలుమన్నప్పుడు

మా అబ్బాయి కిండర్‌గార్టెన్‌లో చేరిన కొత్తలో ప్రతి సోమవారం పొద్దున్నే వాడికి కడుపునొప్పి వచ్చేది. శనివారం, ఆదివారం రాదు. "ఇవాళ ఇంట్లోనే ఉండు" అంటే చాలు, మాయమయ్యేది. "నాటకాలాడకు" అని నేను, "దిష్టి తగిలిందేమో" అని మా అత్తగారు. ఆవిడ ఉప్పు తిప్పి పడేసేవారు, నేను బస్సెక్కించేసేదాన్ని. ఒకరోజు వాడు బడినుంచి వచ్చి, తన కడుపులో సీతాకోకచిలుకలున్నాయని టీచర్ చెప్పిందన్నాడు. "అయ్యో, ఏం మింగాడే వీడు?" అని అత్తగారు కంగారుపడ్డారు. ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. తరువాత ఆలోచిస్తే మాత్రం నాకు నవ్వు రాలేదు. వాడి నొప్పి నిజమే. దానికి కారణం తిండి కాదు, భయం.

ఈ సంగతి కళ్ళతో చూసినవాడు వాల్టర్ కానన్. 1890ల చివర, హార్వర్డ్‌లో వైద్యవిద్యార్థిగా ఉండగా, అప్పుడే కొత్తగా వచ్చిన ఎక్స్‌రేలతో పిల్లి కడుపులో ఆహారం ఎలా కదులుతుందో గమనించాడు. పిల్లి బెదిరితే జీర్ణాశయం కదలిక ఆగిపోయేది, శాంతిస్తే మళ్ళీ మొదలయ్యేది. కోపం, భయం ఒంట్లో తెచ్చే మార్పులపై 1915లో పుస్తకమే రాశాడు. భయం వేయగానే మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, రక్తం పొట్టనుంచి కండరాలకు మళ్ళుతుంది, అరచేతులు చెమర్చుతాయి, నోరెండుతుంది. పరుగెత్తడానికో తిరగబడడానికో శరీరం చేసుకునే ఏర్పాటిది. ఎదురుగా ఉన్నది కుక్కా, కొత్త క్లాసురూమా అని అది ఆగి ఆలోచించదు.

ఇదంతా ఐదేళ్ళవాడికి చెప్పడమెలా? ఇక్కడే మన భాష నాకు అక్కరకొచ్చింది. గుండె గుభేలుమంది, ఒళ్ళు మండింది, గొంతు పూడుకుపోయింది, కాళ్ళూ చేతులూ ఆడలేదు, కడుపు తరుక్కుపోయింది... మనం బాధ పేరు చెప్పేముందే అది ఒంట్లో ఎక్కడుందో చెప్పేస్తాం! కూచిపూడి నేర్చుకునే పిల్లలకైతే ఇంకా సులువు. భరతుడు చెప్పిన ఎనిమిది సాత్త్వికభావాల్లో చెమట, గగుర్పాటు, గొంతు మారడం, వణుకు, ముఖం రంగు మారడం, కన్నీరు అన్నీ ఉన్నాయి. శనివారం క్లాసులో అవి అభినయించే పిల్లకు, సోమవారం తన చేతులెందుకు వణుకుతున్నాయో ఎవరూ చెప్పరు, అదీ విచిత్రం.

మేం చేసింది చాలా చిన్న పని. పెద్ద కాగితం పరిచి, వాణ్ణి పడుకోబెట్టి, చుట్టూ గీత గీశాం. కోపమొస్తే ఎక్కడ వేడెక్కుతుంది, భయమేస్తే ఎక్కడ బిగుస్తుంది అని అడిగితే వాడే క్రేయాన్లతో రంగులు వేశాడు. (ఫిన్లాండు శాస్త్రజ్ఞులు 701 మంది పెద్దవాళ్ళచేత కంప్యూటర్ మీద ఇలాగే రంగులు వేయించి, 2013 చివర్లో ఫలితాలు ప్రచురించారు. యూరప్‌వాళ్ళ బొమ్మలూ, తైవాన్‌వాళ్ళ బొమ్మలూ చాలావరకు కలిశాయి.) ఆ తరువాత పొట్టమీద ఎలుగుబంటి బొమ్మ పెట్టి, అది మెల్లగా కిందికి దిగేలా ఊపిరి వదలమన్నాం. ఊపిరి నిదానంగా వదిలేటప్పుడు వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. ఇది ఇల్లు ప్రశాంతంగా ఉన్నప్పుడే నేర్పాలి. పిల్లవాడు నేలమీద పడి దొర్లుతున్నప్పుడు మొదలుపెడితే మీకే ఒళ్ళు మండుతుంది, నా అనుభవమది.

ఒక హెచ్చరిక. రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, జ్వరం, ఆగని వాంతులు, మలంలో రక్తం, బరువు తగ్గడం, వీటిని భయం ఖాతాలో వేయకండి. వెంటనే డాక్టరుకు చూపించండి. మేమూ ముందు చూపించాకే కాగితం పరిచాం.

మొన్న సంక్రాంతి కార్యక్రమంలో వాడిది రెండు పద్యాలు. స్టేజీ పక్కన నిలబడి, నానమ్మ చేయి పట్టుకుని, వచ్చీరాని తెలుగులో "గుండె గుబేలు అంటోంది నానమ్మా" అన్నాడు. ఆవిడ ఉప్పు కోసం వెతుక్కోలేదు. "నాకూ విమానం ఎక్కేటప్పుడల్లా అంతేరా" అని, వాడి అరచేతిలో చెమట తన పమిటచెంగుతో తుడిచారు.