సగ్గుబియ్యం ఏ మొక్కకు కాస్తుంది?

సగ్గుబియ్యం పాయసాన్ని ఇష్టంగా తాగే పిల్లల్ని, అది ఏ మొక్కకు కాస్తుందో అడిగి చూడండి. వరిలాంటి ఏదో పైరుకని ఒకరంటారు, మిల్లులో చేస్తారని ఇంకొకరంటారు. రెండో జవాబులో సగం నిజముంది. సామర్లకోట, పెద్దాపురం పిల్లలకు ఆ మిల్లులు కొత్త కాదు. ఎండలో తెల్లగా ఆరబోసిన సగ్గుబియ్యాన్ని దారిలో చూసే ఉంటారు. ఆ మిల్లులోకి లారీల మీద వెళ్లేదేమిటో మాత్రం మనం వాళ్లకు చెప్పలేదు.

ఇది ఒక్క మన ఊరి సంగతి కాదు. అమెరికాలో 4 నుంచి 7 ఏళ్ల పిల్లలు 176 మందిని పరిశోధకులు ప్రశ్నించి, 2021లో ఫలితాలు ప్రచురించారు. బంగాళాదుంపతో చేసే ఫ్రెంచ్ ఫ్రైస్ జంతువుల నుంచి వస్తాయని దాదాపు సగం మంది చెప్పారు. తిండి రూపం మారితే మొక్క కనుమరుగవుతుంది. అందుకని పిల్లలకు మొక్కల పేర్లు వల్లె వేయించడం వల్ల పెద్ద లాభం లేదని నా నమ్మకం. కంచంలో ఉన్నది మొక్కలో ఏ భాగం? మొక్క దాన్ని తన కోసం ఎందుకు తయారుచేసుకుంది? ఈ రెండు ప్రశ్నలు అలవాటు చేస్తే మిగతాది వాళ్లే వెతుక్కుంటారు.

సగ్గుబియ్యాన్నే తీసుకుందాం. దాని తల్లి మన మెట్ట పొలాల్లో పండే కర్రపెండలం. ఆముదం కుటుంబానికి చెందిన మొక్క ఇది. ఆకులు ఎండలో తయారుచేసిన చక్కెర వేళ్లకు చేరి అక్కడ పిండిపదార్థంగా మారుతుంది. వేళ్లు లావెక్కి దుంపలవుతాయి. వానలు మొహం చాటేస్తే మొక్క ఆకులు రాల్చేసి ఊరుకుంటుంది, మళ్లీ తడి తగిలాక ఈ గాదెలోంచే తీసుకుని చిగురిస్తుంది. మనం తినేది ఆ మొక్క కరువు కోసం దాచుకున్న తిండి.

ఇక్కడ పిల్లలకు ఒక చిక్కుప్రశ్న వేయవచ్చు. బంగాళాదుంపను ముక్కలు కోసి నాటితే మొలుస్తుంది, కర్రపెండలం దుంపను పాతిపెడితే ఎందుకు మొలవదు? బంగాళాదుంప నిజానికి భూమిలో పెరిగే కాండం. దాని మీది కళ్లు మొగ్గలు. కర్రపెండలం దుంప వేరు, దానికి ఆ మొగ్గలు లేవు. అందుకే రైతులు దాని కర్రను ముక్కలుగా నరికి నాటుతారు.

ఎలుకలూ పురుగులూ ఆ నిల్వను తినేయకుండా మొక్క కాపలా కూడా పెట్టుకుంది. దుంపలో లినమారిన్ అనే పదార్థం ఉంటుంది. కొరికినప్పుడు కణాలు చితికి, దాని నుంచి సైనైడ్ విషం విడుదలవుతుంది. పచ్చి దుంప పిల్లల నోటికి అందకూడదు. మిల్లులో తొక్క తీసి, కడిగి, తురిమి, నీళ్లతో వడకట్టి, చివరికి వేడిచేసి ఆరబెట్టే సరికి ఆ విషం పోతుంది.

వడకట్టగా వచ్చిన పాలలాంటి పిండినీళ్లను తొట్లలో కదపకుండా ఉంచితే పిండి అడుగుకు దిగుతుంది. చన్నీళ్లలో అది కరగదు, నీటి కంటే బరువు. ఆ తడిపిండిని కుదుపుతూ ఉంటే గుండ్రటి పూసలు కడుతుంది. వేడి పెనం మీద పూసల పైపొర ఉడికి గట్టిపడుతుంది, తర్వాత ఎండలో ఆరబెడతారు. పాయసంలో అదే పూస నీళ్లు పీల్చి ఉబ్బి అద్దంలా అవుతుంది. దుంప తవ్విన రెండు మూడు రోజుల్లోనే పాడవడం మొదలవుతుంది కాబట్టి, మిల్లులు పంట పండే చోటికి దగ్గరగా ఉండక తప్పదు.

కర్రపెండలం పుట్టిల్లు దక్షిణ అమెరికా. పోర్చుగీసులు దాన్ని కేరళకు తెచ్చారు. 1880లలో తిరువాన్కూరు రాజు విశాఖం తిరునాళ్ దాని సాగును ప్రోత్సహించాడు. అసలు సగ్గుబియ్యం మాత్రం ఇండోనేషియా, న్యూగినీ చిత్తడి నేలల్లో పెరిగే సేగో చెట్టుది. తాటి జాతికి చెందిన ఆ చెట్టు మానులోని గుజ్జు నుంచి పిండి తీస్తారు. రెండో ప్రపంచయుద్ధం వల్ల ఆ సరుకు రావడం ఆగిపోతే, సేలంలో కర్రపెండలంతో చేయడం మొదలైంది.

సేగో చెట్టుకూ సామర్లకోటకూ ఇంకో సంబంధం ఉంది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793 వరకు ఇక్కడే ఉండి తోట పెంచాడు. మిరియం, కాఫీ, దాల్చిన వంటివి ఈ నేలలో పెంచి చూశాడు. స్థానిక చిత్రకారులతో మొక్కల బొమ్మలు వేయించాడు, వాటి తెలుగు పేర్లు రాసుకున్నాడు. ఆ కృషి నుంచే 1795లో కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం మొదటి సంపుటం వెలువడింది. 1789-92 నాటి ఘోరమైన కరువును చూసి, ఆకలి తీర్చే చెట్లు నాటించాలని సూచించినప్పుడు కొబ్బరి, తాడి, పనసలతో పాటు సేగోను కూడా చేర్చాడు. భారతీయ వృక్షశాస్త్ర చరిత్రలో ఇంత పెద్ద అధ్యాయం తమ ఊళ్లో జరిగిందని ఇక్కడి బడిపిల్లలకు తెలియాలి.

ఇంట్లో చేయించదగ్గ పని ఒకటుంది. బంగాళాదుంపను తురిమి, గిన్నెలో నీళ్లు పోసి పిసికి, గుడ్డలో వడకట్టి పావుగంట ఆగండి. అడుగున తెల్లటి పిండి పేరుకుంటుంది. దాని మీదా, నానిన సగ్గుబియ్యం మీదా, అన్నం మెతుకు మీదా, పంచదార మీదా ఒక్కో చుక్క టింక్చర్ అయొడిన్ వేయండి. మొదటి మూడూ నల్లటి నీలిరంగుకు తిరుగుతాయి, పంచదార తిరగదు. చుక్క వేసినదాన్ని పారబోయాలి, పక్కన పెద్దవాళ్లు ఉండాలి.

ఆ తర్వాత ప్రశ్న వాళ్ల చేతికే ఇవ్వండి. కాజాలో మైదా గోధుమ గింజది, పాకం చెరకు గడది. పూతరేకులో వరి గింజ, చెరకు బెల్లం ఉంటాయి. నెయ్యి ఆవుదో గేదెదో కదా అని పిల్లలు నిలదీస్తే, అవి తిన్న గడ్డి దగ్గరికి తీసుకెళ్లండి. చాక్లెట్‌కు కావలసిన కోకో విదేశాల్లోనే పండుతుందనుకునే పిల్లలకు గోదావరి జిల్లాల కొబ్బరితోటల్లో మాను మీదే కాసే కోకో కాయల్ని చూపించండి. లోపలి గింజల్ని పులియబెట్టి, ఎండబెట్టి, వేయిస్తేనే ఆ రుచి.

సామర్లకోట, పెద్దాపురం బడుల మాస్టార్లకూ, మిల్లుల యజమానులకూ నా విన్నపం ఒకటే. దుంపలు దిగే రోజుల్లో ఒక్క పూట పిల్లల్ని రానివ్వండి. పొద్దున పొలంలో దుంప తవ్వడం చూసి, మధ్యాహ్నానికి తొట్లో పిండి దిగడం చూడగలిగే ఊళ్లు ఎక్కువ లేవు.