అడుగెత్తే ఇక్కడ కొండ

మెట్ట ఎర్రగరప నుంచి కొల్లేరు బురద దాకా, మొగల్తూరు ఇసుక దిబ్బల దాకా పశ్చిమ డెల్టా నేలను పోసి పెట్టినవి వానలూ, కరవులూ, ఎక్కడో కరిగిన మంచూ. ఆ పని ఇంకా ఆగలేదు.

తణుకులో కొండ లేదు. గోస్తనీ గట్టు మీద నిలబడి ఎటు చూసినా వరిచేలు, కొబ్బరితోపులు, రైసుమిల్లుల గొట్టాలు. నేల వింతలు చూడాలంటే అరకు పోవాలి, లేదా పాపికొండలకు లాంచీ ఎక్కాలి అనుకోవడం మనకు అలవాటు. ఈ చదునులోనూ ఎగుడుదిగుడులున్నాయి. అవి అడుగుల్లో ఉంటాయి కాబట్టి కంటికి ఆనవు. సార్వా ఊడ్పులైన వారానికి ముసురు పట్టుకుంటే మాత్రం బయటపడతాయి. పక్కపక్కనే ఉన్న రెండు చేలలో ఒకటి తలెత్తుకుని నిలబడుతుంది, రెండోది నీళ్ల కింద కుళ్లిపోతుంది. ఒకటి మెరక, ఒకటి పల్లం. మధ్య తేడా అడుగు. ఆ అడుగు ఎక్కణ్నుంచి వచ్చిందన్నదే ఈ కథ.

నల్లజర్ల మెట్టలో బయల్దేరి తాడేపల్లిగూడెం, తణుకు, భీమవరం మీదుగా మొగల్తూరు తీరం చేరేదాకా ప్రయాణం అటూ ఇటూగా వంద కిలోమీటర్లు. ఒక పూటలో ముగిసే ఆ దారిలో ఎర్రమట్టి, నల్ల ఒండ్రు, పల్లపు బురద, ఇసుక వరసగా వస్తాయి. పడమటి పక్కన కొల్లేరు. వీటిలో ఒక్కో నేలది ఒక్కో కాలం, ఒక్కో వాతావరణం చేసిన పని.

ఎర్రమట్టి

తాడేపల్లిగూడెం దాటి ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్న వెంకట్రామన్నగూడెం వైపు వెళ్తుంటే, కాలువలు కనబడకుండా పోయేసరికి నేల రంగు మారిపోతుంది. వరి బదులు జీడిమామిడి, పామాయిల్ తోటలు వస్తాయి. ద్వారకా తిరుమల, ఇంకా పైన గుంటుపల్లి వైపు ఇసుకరాతి కొండలు లేస్తాయి. రెండు వేల ఏళ్లకు ముందే బౌద్ధ భిక్షువులు గుంటుపల్లిలో గుహలు తొలుచుకోగలిగారంటే, ఆ రాయి ఉలికి లొంగేంత మెత్తనిది కావడమే కారణం. డైనోసార్లు తిరిగిన కాలంలో నీళ్లు మోసుకొచ్చి పోసిన ఇసుకే బిగిసి ఆ రాయి అయింది. అటు కొవ్వూరు దగ్గర పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో దొరికేది వేరే సరుకు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం దక్కన్‌ను ముంచెత్తిన లావా గడ్డకట్టగా మిగిలిన నల్లరాయి అది. మన రోడ్ల కింద పరిచే కంకరలో చాలా భాగం అదే.

ఆ రాళ్ల మీద ఎర్రమట్టిని తయారు చేసింది మాత్రం వేడీ వానా. నాలుగు నెలలు గట్టిగా వాన కురిసి, ఎనిమిది నెలలు ఎండ కాసే చోట రాయి కుళ్లుతుంది. కరిగే ఖనిజాలను నీరు లాక్కుపోతుంది, కరగని ఇనుము అక్కడే మిగిలి గాలి తగిలి తుప్పు పడుతుంది. లక్షల ఏళ్లు ఇలా జరిగితే మెట్ట ఎర్రబడుతుంది. ఇదే తెలుగునేల మీద అనంతపురంలో వాన ఇందులో సగం. అక్కడ రాయి నిదానంగా కుళ్లుతుంది, ఉన్న కాస్త మట్టినీ అప్పుడప్పుడూ పడే జడివాన ఊడ్చుకుపోతుంది. అందుకే అక్కడ గుట్టల మీద బండలు బోడిగా నిలబడి కనిపిస్తాయి.

ఈ ఎర్రమట్టికి ఇప్పుడు కొత్త ప్రయాణం మొదలైంది. గ్రావెల్ పేరుతో టిప్పర్లకెక్కి డెల్టాలోకి దిగుతోంది. వరిచేను ఇళ్లస్థలం కావాలంటే ముందు మెరక తోలించాలి. ఒక కాలం చేసిన మెట్టను తవ్వి ఇంకో కాలం చేసిన పల్లం మీద పోస్తున్నాం. కొన్నవాళ్ల స్థలం రెండడుగులు లేస్తుంది, అక్కడ నిలవాల్సిన నీళ్లు పక్కవాడి చేలోకి పోతాయి. నేల ఆకారాన్ని మార్చే శక్తుల జాబితాలో టిప్పరునూ చేర్చాలి. ఈ మాట సరదాకి అనడం లేదు.

సముద్రం వచ్చిపోయిన చోటు

సుమారు ఇరవై వేల ఏళ్ల క్రితం, గడిచిన మంచుయుగం ముదిరిన రోజుల్లో, ఉత్తర అమెరికా మీదా ఉత్తర ఐరోపా మీదా కిలోమీటర్ల మందాన మంచు పేరుకుంది. ఆ నీరంతా సముద్రం నుంచి వెళ్లిందే. దాంతో బంగాళాఖాతం మట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా కిందికి దిగింది. గోదావరి, కృష్ణ ఇప్పటి తీరం దాటి ఎంతో దూరం పారి, లోతైన లోయలు కోసుకుంటూ పోయి సముద్రంలో కలిసేవి. తర్వాత భూమి వేడెక్కింది, మంచు కరిగింది, సముద్రం లేచింది. ఆరేడు వేల ఏళ్ల క్రితానికి అది దాదాపు ఇప్పటి మట్టానికి చేరి ఆగింది.

అది ఆగిన చోటే మనకు ముఖ్యం. అప్పటికి ఇప్పటి డెల్టా లేదు. తీరం కొల్లేరు దాపున ఉండేది. కొల్లేరు అప్పట్లో ఉప్పునీటి కయ్య, ఇప్పటి పులికాట్ లాంటిది. సముద్ర మట్టం నిలకడగా నిలిచాక రెండు నదులూ తెచ్చిన మట్టిని ఎక్కడికక్కడ పోసుకుంటూ చెరోవైపు తీరాన్ని ముందుకు జరిపాయి. తూర్పున గోదావరి, పడమట కృష్ణ. మధ్యలో ఎవరి మట్టీ సరిగా అందని పల్లం మిగిలిపోయింది. ఆ పల్లమే కొల్లేరు. ఇప్పుడది సముద్రం నుంచి నేరుగా కొలిస్తే ముప్పై అయిదు కిలోమీటర్లు లోపలికి ఉంది. సముద్రంతో దానికి మిగిలిన ఏకైక బంధం అరవై కిలోమీటర్లకు పైగా మెలికలు తిరిగే ఉప్పుటేరు.

తీరం జరిగిన ప్రతి దశకూ ఒక గుర్తుంది. అలలు ఒడ్డున పోగేసిన ఇసుక, తీరం ముందుకు పోయాక వెనకే దిబ్బగా నిలిచిపోయింది. అలాంటి దిబ్బలు తీరానికి సమాంతరంగా వరసలుగా ఉన్నాయి. నరసాపురం, మొగల్తూరు వైపు వెళ్లేవాళ్లకు ఇది తెలియకుండానే తెలుసు. ఊళ్లు, తోటలు, పాతబాటలు దిబ్బ మీద ఉంటాయి, వరి రెండు దిబ్బల మధ్య పల్లంలో ఉంటుంది. దిబ్బ మీద తాడి, సరుగుడు, కొబ్బరి. తుపాను ముంపులో ప్రాణం నిలిచే చోటు, బావి తవ్వితే తియ్యటి నీళ్లు దొరికే చోటు కూడా అదే. ఊరు ఎక్కడ కట్టాలో పెద్దలకు ఆ ఇసుకే చెప్పింది.

కరవు పోసిన మట్టి

ఇక్కడ నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసిన సంగతి ఒకటుంది. డెల్టా ఒండ్రు అంటే సమృద్ధి అనుకుంటాం. వానలు బాగా కురిసిన కాలంలో నది ఉప్పొంగి తెచ్చిన మట్టి ఇది అని లెక్క వేసుకుంటాం. సముద్రం అడుగున దొరికిన సాక్ష్యం వేరే మాట చెబుతోంది.

2006లో కృష్ణా గోదావరి తీరానికి ఎదురుగా, వెయ్యి మీటర్లకు మించిన లోతులో, సముద్రగర్భం నుంచి మట్టి కడ్డీని బయటికి తీశారు. అసలు వెతుకులాట సముద్రం అడుగున మంచులా గడ్డకట్టి ఉండే సహజవాయువు, అంటే గ్యాస్ హైడ్రేట్ల కోసం. గోదావరి కొన్ని వేల ఏళ్లుగా మోసుకెళ్లిన బురద అందులో పొరలు పొరలుగా ఉంది. అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, వారి సహచరులు ఆ పొరల్లోని ఆకుల మైనపు ఆనవాళ్లను, ఖనిజాలను చదివి 2012లో, మళ్లీ 2017లో ఫలితాలు ప్రచురించారు. మధ్య భారతంలో రుతుపవనం కొన్ని వేల ఏళ్లుగా బలహీనపడుతూ వచ్చింది. సుమారు నాలుగు వేల ఏళ్ల క్రితం నుంచి ఎండుదనం ముదిరింది. సరిగ్గా ఆ తర్వాతే గోదావరి తెచ్చే మట్టి పెరిగింది, అందులో దక్కన్ నల్లరేగడి వాటా పెరిగింది.

కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. వానలు తగ్గితే అడవి పల్చబడుతుంది, గడ్డి పలచనవుతుంది, నేలను పట్టి ఉంచే వేరు ఉండదు. అదే కాలంలో మహారాష్ట్ర పీఠభూమి మీద సేద్యం వ్యాపించింది. నేల బోడిగా ఉన్న చోట, తక్కువ రోజులే అయినా దడదడా కురిసే రుతుపవన వాన మట్టిని కోసుకుపోతుంది. త్రయంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచే గోదావరి ఆ మట్టిని ధవళేశ్వరం దాకా తెచ్చి పంచింది. తణుకు చేలలో కాలికి అంటుకునే జిగట ఒండ్రులో ఎక్కడి రైతో పోగొట్టుకున్న పొలం ఉంది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేసిన ఆనకట్ట నీళ్లు పంచింది. ఆ నీళ్లు పంటగా మారడానికి కావలసిన మట్టి అంతకు ఎంతో ముందే వచ్చి పడి ఉంది.

ఏడడుగుల కథ

మళ్లీ కొల్లేటికి వద్దాం. ఇక్కడ కాంటూరు లెక్క సముద్రమట్టం నుంచి అడుగుల్లో చెబుతారు. ప్లస్ 3 దగ్గర సరస్సు 135 చదరపు కిలోమీటర్లు. ప్లస్ 5 దగ్గర 308. ప్లస్ 10 దగ్గర 901. అంటే ప్లస్ 3 నుంచి నీరు ఏడడుగులు లేస్తే సరస్సు ఆరున్నర రెట్లకు పైగా పరుచుకుంటుంది. 1999లో అభయారణ్యం హద్దును ప్లస్ 5 కాంటూరు దగ్గర గీశారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో హద్దు లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ప్లస్ 5 కావాలి, ప్లస్ 3 చాలు అంటూ ఏళ్ల తరబడి సాగుతున్న గొడవలో రెండడుగులంటే 173 చదరపు కిలోమీటర్లు. లంక గ్రామాల్లో ఈ లెక్క చదువురాని వాళ్లకూ వచ్చు, వాళ్ల జీవనం దాని మీదే ఉంది కాబట్టి.

కొల్లేరు చేసే పని వరదను పట్టి, నిదానంగా వదలడం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు ఇందులోనే దిగుతాయి. మైలవరం కొండల్లో పుట్టే బుడమేరు 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచిన సంగతి దేశమంతా చూసింది. ఆ నీళ్లు తర్వాత ఎటు పోయాయో తక్కువమంది చూశారు. అవి కొల్లేటికే వచ్చాయి. లంకలకు దారులు మునిగాయి. అదే ఏడాది జులైలో ఎర్రకాలువ పొంగి నిడదవోలు, తాడేపల్లిగూడెం వైపు నాట్లు వేసిన చేలను ముంచింది. ఏజెన్సీ మెట్టలో పుట్టి పరుగున దిగే ఎర్రకాలువ, నందమూరు అక్విడెక్టు దాటి యనమదుర్రు డ్రైనులో పడేసరికి వాలు అయిపోతుంది. వాలు లేని నీటికి దారి చూపాల్సింది డ్రైను. దానిలో గుర్రపుడెక్క నిండితే ఆ దారీ మూసుకుపోతుంది.

దిగువన సముద్రం కూడా అడ్డం నిలుస్తుంది. పోటు సమయంలో డ్రైన్లు సముద్రంలోకి దిగవు, ఉప్పునీరే ఎగువకు తోసుకొస్తుంది. ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కట్టాలని ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నది ఇందుకే. 1901 నుంచి 2018 మధ్య ప్రపంచ సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. విశాఖ కొండ మీద ఉన్నవాళ్లకు అది చిన్న అంకె. ప్లస్ 3, ప్లస్ 5 అంటూ బతికే చోట అది మూడింట రెండొంతుల అడుగు.

ఆగిన మట్టి

సముద్రం లేచినా డెల్టా నిలబడుతుంది, ఏటా కొత్త ఒండ్రు పడుతుంటే. ఇన్ని వేల ఏళ్లూ నిలబడింది అలాగే. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటి గట్లు తెంచింది. ఆ నష్టాన్ని ఎవరూ కోరుకోరు. కానీ పాతకాలంలో నేలకు ఎత్తు పోసింది అలాంటి వరదలే. గట్లు కట్టుకుని మనం వరదను ఆపుకున్నాం, దాంతో చేను మీద పడే ఒండ్రూ ఆగింది. పైన వందలాది జలాశయాలు కట్టుకున్నాం, నదిలో వచ్చే ఒండ్రూ తగ్గింది.

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కాకాని నాగేశ్వరరావు బృందం 2010లో ప్రచురించిన అధ్యయనం ఈ లెక్క తేల్చింది. గోదావరి ఏటా తెచ్చే మట్టి 1970ల్లో 15 కోట్ల టన్నులు. 2000 తర్వాత అది 5.7 కోట్లకు పడిపోయింది. కృష్ణ పరిస్థితి ఇంకా దారుణం, 1960ల చివర 90 లక్షల టన్నులున్నది 4 లక్షలకు దిగింది. 1965 నుంచి 2008 మధ్య రెండు డెల్టాల తీరం కలిపి నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేలను సముద్రానికి ఇచ్చేసింది. ఆరు వేల ఏళ్లు ముందుకు నడిచిన తీరం మన తరంలో వెనక్కి తిరిగింది.

నాకు భయం కలిగించేది ఈ అంకెలే. తుపాను వస్తే రెండు రోజులు టీవీల్లో కనిపిస్తుంది, ఒండ్రు రాకపోవడం ఎవరికీ కనిపించదు. ఇప్పుడు డెల్టాకు నేరుగా పైన పోలవరం లేస్తోంది. దాని గురించి జరిగే ప్రతి మాటలో టీఎంసీలుంటాయి, ఎత్తు 45.72 మీటర్లా కాదా అన్న వాదన ఉంటుంది, నిర్వాసితుల గోడు ఉంటుంది, ఉండాలి కూడా. అయితే 48 గేట్ల వెనక ఏటా ఎంత మట్టి దిగబడుతుంది, ధవళేశ్వరం దాటి ఎంత వస్తుంది, అందులో ఎంత అంతర్వేది దాకా చేరుతుంది అని అడుగుతున్న గొంతు వినబడదు. సార్వాకు నీరు ఎప్పుడు వదులుతారని ఏటా అడిగే నీటి సంఘాలు ఒండ్రు లెక్కనూ అదే సమావేశంలో, అదే అధికారుల్ని అడగాలి. జవాబు టన్నుల్లో కావాలి, ఏ ఏడుకా ఏడు కావాలి.