కొంప మునగడమంటే...

'హౌస్' అంటే తెలుగులో ఏమిటి? తెనాలిలో అడిగితే ఇల్లు, డాబా, మేడ అంటారు. గృహమన్నది ఎక్కువగా గృహప్రవేశం శుభలేఖలకే! బాపట్ల, రేపల్లె తీరానికి వెళ్తే పాక, పూరిల్లు కూడా వినిపిస్తాయి.

కానీ కోపమొచ్చినా కష్టమొచ్చినా నోటికొచ్చేది 'కొంపే'. తాటాకు కప్పుమీద నిప్పురవ్వ పడితే వాడకు వాడే బూడిదయ్యేది. 'కొంపలంటుకున్నాయ్' అనడంలో ఉన్నది ఆ భయమే. నీళ్లొస్తేనేమో 'కొంప మునిగింది', 'కొంప కొల్లేరైంది'.

1977 నవంబరు 19న ఉప్పెన విరుచుకుపడినప్పుడు దివిసీమతోపాటు రేపల్లె, బాపట్ల తీరంలోనూ ఆ మాట అక్షరాలా నిజమైంది. పూరిళ్లు ఆనవాళ్లు లేకుండా కొట్టుకుపోయాయి. ఆ తరవాతే తీరం వెంట స్తంభాలమీద కాంక్రీటు కట్టడాలు లేచాయి. కాగితాల్లో వాటి పేరు తుఫాను రక్షిత భవనాలు. ఊళ్లో మాత్రం 'షెల్టరు'.