సీతాకోకచిలుకలా తెరిచిన కోడిమాంసం

గుత్తివంకాయ కూర చేసేటప్పుడు వంకాయను తొడిమ ఊడకుండా నాలుగు పక్షాలుగా చీలుస్తారు. చేపను వేపుడుకు వేసేముందు ఒంటిమీద గాట్లు పెడతారు. మసాలా లోపలికి పట్టడానికే ఇలా చేస్తారని మీరు అనుకుంటూ ఉండవచ్చు. అది సగం నిజం. మిగతా సగం మీ భౌతికశాస్త్ర పుస్తకంలో, ఉష్ణవహనం పాఠంలో ఉంది.

ఈ సంగతి నాకు మా వంటింట్లోనే బోధపడింది. ఒకసారి ఎముకలేని కోడి రొమ్ముముక్కను కోయకుండా అలాగే పెనంమీద వేశాను. దాని ఒక కొన 4 సెంటీమీటర్ల మందం, రెండో కొన 1 సెంటీమీటరు. త్వరగా అవుతుందని మంట పెంచాను. పైభాగం మాడింది. సన్నని కొన కొబ్బరిపీచులా తయారయింది. మందంగా ఉన్నచోట కోసి చూస్తే లోపల ఇంకా పచ్చి! ఇన్నేళ్లుగా ఉష్ణవహనం పాఠం చెబుతున్నవాణ్ణి, ఎవరికి చెప్పుకోను?

పెనం నుంచి మాంసం ఉపరితలానికి వేడి తొందరగానే చేరుతుంది. అక్కడినుంచి లోపలికి పోవడానికి ప్రధానమైన దారి ఉష్ణవహనమే. రొమ్ముమాంసంలో దాదాపు నాలుగింట మూడు వంతులు నీరే. అయితే ఆ నీరు కండపోగుల మధ్య చిక్కుకొని ఉంటుంది. గిన్నెలో నీటిలాగ పైకీ కిందికీ తిరగలేదు. రాగితో పోలిస్తే మాంసం వేడిని కొన్ని వందల రెట్లు తక్కువగా వహిస్తుంది. అందుకే మంట పెంచితే పైపొర మాడుతుందే గాని, లోపలిభాగం ఆ వేగంతో ఉడకదు.

మరి మందం సగం చేస్తే? సమయం కూడా సగమవుతుందని మీలో చాలామంది అంటారు. కాదు, సుమారు నాలుగో వంతవుతుంది! ఎందుకో చూడండి. మందం సగమైతే వేడి ప్రయాణించవలసిన దూరం సగమవుతుంది, కాబట్టి వేడి రెట్టింపు వేగంతో లోపలికి ప్రవహిస్తుంది. అంతేకాదు, ప్రతి చదరపు సెంటీమీటరు కింద వేడెక్కవలసిన మాంసం కూడా సగమే. రెండు రెళ్లు నాలుగు. ఘనపదార్థాలలో వేడి ప్రసరించే తీరుకు గణితసూత్రాన్ని ఇచ్చినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫోరియర్. ఆయన గ్రంథం 1822లో వెలువడింది.

ఇది రుచికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. పచ్చి కోడిమాంసంలో సాల్మొనెల్లా వంటి బాక్టీరియా ఉండవచ్చు. (సాల్మన్ చేపకూ దీనికీ సంబంధం లేదు. డేనియల్ సాల్మన్ అనే అమెరికా పశువైద్యుడి పేరు పెట్టారు.) ముక్క నడిమధ్యన ఉష్ణోగ్రత 74 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరితే అవి చస్తాయి. కాని అదే సమయంలో సన్నని కొన 90 డిగ్రీలు దాటిపోతే, అక్కడి మాంసకృత్తులు బిగుసుకొని తడి పిండిన గుడ్డలా నీటిని వదిలేస్తాయి. రొమ్ములో కొవ్వు కూడా తక్కువ. కాలిముక్క ఇంత తేలికగా ఎండిపోదు.

కాబట్టి ముక్కంతా ఒకే మందంలో ఉండాలి. ముక్కను పలకమీద పరచి, పైన అరచేయి ఆనించి, వేళ్లు పైకెత్తి ఉంచి, పదునైన చాకును పలకకు సమాంతరంగా పట్టి మందమైన పక్కనుంచి అడ్డంగా కోస్తారు. అవతలి అంచుకు ఒక సెంటీమీటరు ముందే ఆపి, పుస్తకంలా తెరుస్తారు. రెండు రెక్కలు విప్పిన సీతాకోకచిలుక! వంకాయ పక్షాల మాట గుర్తుందా? పక్షమంటే రెక్క అని కూడా అర్థం. ఈ కోత మాత్రం పెద్దలకే వదిలేయండి. తరువాత చాకునూ పలకనూ సబ్బుతో కడగాలి. పచ్చిమాంసాన్ని కుళాయి కింద కడిగితే తుంపరలతో బాక్టీరియా చుట్టూ పడుతుంది. ఉడికిందో లేదో చూడటానికి వంటింటి థర్మామీటరు వాడవచ్చు గాని, బడిలోని పాదరసపు థర్మామీటరును ఎన్నడూ ఆహారంలో గుచ్చకండి.

మాంసం తినని ఇళ్లలో ఆలుగడ్డతో పరీక్షించండి. 2 సెంటీమీటర్లు, 4 సెంటీమీటర్లు పొడవున్న రెండు ఘనాలు కోసి, మరుగుతున్న నీటిలో ఒకేసారి వేయండి. పెద్దవారిని దగ్గర ఉంచుకొని, నిమిషానికొకసారి పుల్లతో నడిమికి గుచ్చి చూడండి. సరిగ్గా నాలుగు రెట్ల తేడా రాకపోవచ్చు. నడిమికి వేడి చేరాక కూడా గడ్డ మెత్తబడటానికి కొంత సమయం పడుతుంది. మీకు ఎన్ని రెట్లు వచ్చిందో నోటుపుస్తకంలో రాసుకొని, మీ మాస్టారికి చూపించండి.