మనం నడిపించే కథ

పిల్లలూ! మీలో ఒగ్గు కథ విన్నవారు ఎంతమంది? మా మల్యాల చుట్టుపట్ల ఊళ్ళలో ఇప్పటికీ మల్లన్న కథ, బీరప్ప కథ చెప్పేవారున్నారు. డోలు మోగుతుంది, తాళాలు కలుస్తాయి. కథకుడు ఒక క్షణం రాజవుతాడు, మరుక్షణం ఆ రాజుగారి తల్లి అవుతాడు. వినేవాళ్ళు నవ్వుతారు, కంటతడి పెడతారు. ఐతే కథలో వీరుడు దారి తప్పినప్పుడు, "అటు పోకురా!" అని మనం ఎంత అరచినా అతను ఆగడు. కథ కథకుడి చేతిలో ఉన్నది, మన చేతిలో లేదు.

మరి ఆ వీరుణ్ణి మనమే నడిపించవలసి వస్తే? అటువంటి కథ ఒకటి మా ఇంటికే వచ్చింది. దాని సంగతి చెబుతాను, వినండి.

మా ప్రాంతంనుంచి ఎంతోమంది బతుకుతెరువు కోసం గల్ఫ్ దేశాలకు పోతారు. మా చిన్నవాడు కూడా చాలా ఏళ్ళ కిందట దుబాయినుంచి వస్తూ ఒక బూడిదరంగు పెట్టె తెచ్చాడు. దాని పేరు ప్లేస్టేషన్. జపానులోని సోనీ కంపెనీవారు 1994 లో మొదటిసారి అమ్మకానికి పెట్టిన యంత్రం అది. టీవీకి తగిలించి ఆడుకోవాలి. కొన్నాళ్ళు ఆడి, తరవాత దాన్ని అటక మీద పడేశారు. పోయిన దసరా సెలవుల్లో, ఎనిమిదో తరగతి చదువుతున్న మా మనుమడు దాన్ని దించి, దుమ్ము దులిపి, పాత టీవీకి తగిలించాడు. పెట్టెతోపాటు మూడు సీడీలు దొరికాయి. మూడూ కలిసి ఒకే ఆట. పేరు ఫైనల్ ఫాంటసీ 7.

ముప్ఫై ఏళ్ళకు పైగా బడిపిల్లల మధ్య గడిపినవాణ్ణి కనక, వీడియో ఆట అనగానే నాకు చిరాకు. కాల్చటం, కూల్చటం తప్ప అందులో ఏముంటుంది అనుకున్నాను. మధ్యలో ఆపించటానికే వాడి పక్కన కూర్చున్నాను. కాని కూర్చున్నవాణ్ణి లేవలేకపోయాను.

ఈ ఆటను జపానులోని స్క్వేర్ అనే కంపెనీ తయారుచేసి, 1997 జనవరి 31 న విడుదల చేసింది. మొదటి ఫైనల్ ఫాంటసీ 1987 లో వచ్చింది. దాన్ని తయారుచేసిన హిరొనోబు సకగుచి ఈ ఏడవ ఆటకు నిర్మాత. యోషినోరి కితాసే దర్శకుడు, నోబువో ఉయెమత్సు సంగీతం కూర్చాడు. నిర్మాత, దర్శకుడు, సంగీతం అంటే సినిమా సంగతిలాగా ఉన్నదే అంటారేమో! నిజమే, దీన్ని ఒక పెద్ద సినిమా తీసినట్టే తీశారు. ఐతే సినిమా మూడు గంటల్లో అయిపోతుంది. ఈ కథ పూర్తి కావటానికి దాదాపు 40 గంటలు పడుతుంది.

కథ మిడ్గార్ అనే మహానగరంలో మొదలవుతుంది. షిన్రా అనే కంపెనీ భూమిలోని ప్రాణశక్తిని యంత్రాలతో తోడి కరెంటు చేస్తూ ఉంటుంది. నగరం ధగధగ వెలుగుతుంది, కాని చుట్టూ నేల చచ్చిపోతూ ఉంటుంది. దాన్ని ఆపాలని కొందరు బయలుదేరుతారు. వారిలో క్లౌడ్ అనే కత్తివీరుడు మనం నడిపించే మనిషి. మన పాత కరీంనగర్ జిల్లాలోనే రామగుండం ఉన్నది. బొగ్గు తవ్వి, మండించి, కరెంటు తీయటం మన పిల్లలకు తెలియని సంగతి కాదు. అందుకే మావాడు, "తాతా! కరెంటూ కావాలి, భూమీ బాగుండాలి. ఎట్లా?" అని అడిగాడు. నలభై గంటల ఆటలో మొదటి గంటలోనే ఇంత ప్రశ్న పుట్టిందంటే, ఈ ఆటను తేలికగా తీసివేయటానికి వీలులేదని నాకు తోచింది.

ఇక యంత్రం పని సంగతి. మీరు సురభివారి నాటకం చూశారా? 1885 లో కడప జిల్లాలోని సురభి గ్రామంలో పుట్టిన ఆ నాటక సమాజం రంగు తెరలకు పేరుపొందింది. వెనక కోట బొమ్మ ఉన్న తెర వేలాడుతుంది, ముందు నటులు తిరుగుతారు. ఈ ఆటలో కూడా చాలాచోట్ల అదే ఉపాయం. వీధులూ, ఇళ్ళూ ముందుగానే కంప్యూటరుతో గీసి పెట్టుకున్న బొమ్మలు. వాటి మీద కదిలే మనుషులను మాత్రం యంత్రం అప్పటికప్పుడు గీస్తుంది. కథ మధ్యమధ్య సినిమాలాగా నడిచే దృశ్యాలు పట్టాలంటే చాలా చోటు కావాలి. అందుకే మూడు సీడీలు అవసరమైనాయి.

ఆడిన ఆటను గుర్తుపెట్టుకోవటానికి వేరే ఒక చిన్న కార్డు ఉన్నది. దానిలో పట్టేది 128 కిలోబైట్లు మాత్రమే. దాన్ని 15 గడులుగా విభజించారు. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క ఆట దాచుకోవచ్చు. ఇన్ని గంటల ప్రయాణం ఒక్క గడిలో ఎలా పడుతుంది? యంత్రం బొమ్మలను దాచుకోదు. మీరు ఎక్కడ ఉన్నారు, మీ దగ్గర డబ్బు ఎంత, ఎవరికి ఎంత బలం ఉన్నది, కథలో ఏమేమి జరిగింది అన్న అంకెలనే దాచుకుంటుంది. పుస్తకాన్నంతా తిరిగి రాయకుండా, చదివిన పుట దగ్గర నెమలీక పెట్టుకున్నట్టే అన్నమాట.

మనుషుల బలం కూడా అంకెలే. ఒక్కొక్క పోరు గెలిచినప్పుడల్లా కొంత అనుభవం కలుస్తుంది. అది పెరిగినకొద్దీ మనిషి ఒక్కొక్క మెట్టు ఎక్కుతాడు. నిన్న ఓడించినవాణ్ణి నేడు ఓడించగలడు. కొద్దికొద్దిగా పెరగటం కంటికి కనిపిస్తే ఎవరికైనా ఉత్సాహమే గదా! లెక్కల్లో మార్కులు పెరిగిన పిల్లవాడి ముఖం చూసిన మాస్టరుకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

ఇంకొక సంగతి. ఈ ఆటలో ఎవరూ నోరు విప్పి మాట్లాడరు. మాటలన్నీ తెర మీద అక్షరాలుగా వస్తాయి. చదివితేనే కథ తెలుస్తుంది. మావాడు నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని ఆడాడు. ఆ 1997 నాటి ఇంగ్లీషు అనువాదంలో ఒకచోట ఏకవచన కర్తకు బహువచన క్రియ పడింది. "తాతా, ఇది తప్పు గదా!" అని వాడు పట్టుకున్నాడు. నాకు కలిగిన సంతోషం మీతో ఏమని చెప్పను!

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మిడ్గార్ వీధిలో క్లౌడుకు ఒక పూలమ్మే అమ్మాయి ఎదురవుతుంది. పేరు ఎయిరిస్. పువ్వు ఖరీదు ఒక్క నాణెం. కొనటం, కొనకపోవటం ఆడేవారి ఇష్టం. మావాడు కొన్నాడు. తరవాత ఆమె క్లౌడు వెంట ప్రయాణమవుతుంది. గాయపడినవారిని బాగుచేస్తుంది. మావాడు డబ్బు కూడబెట్టి ఆమెకు మంచి కర్ర కొనిపెట్టాడు. రోజూ ఆమె బలం ఎంత పెరిగిందో చూసుకునేవాడు. మొదటి సీడీ ముగిసే సమయానికి, ఎవరూ అనుకోని క్షణంలో, శత్రువు కత్తికి ఆమె చనిపోతుంది. క్లౌడ్ ఆమెను ఎత్తుకుని పోయి నీళ్ళలో విడుస్తాడు. మామూలుగా పోరు మొదలు కాగానే పోరు సంగీతం మొదలవుతుంది. అక్కడ మాత్రం, వెంటనే పోరు వచ్చినా, ఆమె పాట మెత్తగా సాగుతూనే ఉంటుంది.

మావాడు ఆట ఆపి వెక్కి వెక్కి ఏడ్చాడు. "బొమ్మ కోసం ఏడుస్తారా?" అని నా నోటిదాకా వచ్చింది. అంతలో ఆగిపోయాను. ఆ ఏడు వేసవిలోనే వాడి నాయనమ్మ పోయింది. ఆరోజు వాడు ఏడవలేదు. ఎందుకంటే, "మగపిల్లవాడివి, ఏడవకూడదు" అన్నది నేనే.

కాసేపైన తరవాత వాడు, "తాతా, ఆమె తిరిగి వచ్చే ఉపాయం ఉన్నదా?" అని అడిగాడు. లేదు. ప్రపంచంలో ఎంతోమంది ఆ ఉపాయం కోసం ఏళ్ళ తరబడి వెతికారు. ఉన్నదని పుకార్లు కూడా పుట్టాయి. కాని ఆటలో అటువంటిది లేదు. కావాలనే పెట్టలేదు. 1990 లో వచ్చిన మూడవ ఆట తయారవుతుండగా సకగుచి తల్లి మరణించింది. అప్పటినుంచి ప్రాణం అంటే ఏమిటన్న ఆలోచన తనను వదలలేదని ఆయన చెప్పాడు. చావు నిజజీవితంలో ఎట్లా చెప్పకుండా వస్తుందో, కథలోనూ అట్లాగే రావాలని తయారుచేసినవారు నిశ్చయించారు.

సినిమాలో మనిషి పోతే మనకు కన్నీళ్ళే ఖర్చు. ఇక్కడ అట్లా కాదు. ఇన్ని గంటలు పెంచిన బలం, కూడబెట్టి కొన్న కర్ర, అన్నీ వ్యర్థమై, పక్కన చోటు ఖాళీ అవుతుంది. మనం ఎవరికోసం పాటుపడతామో వారి మీదనే మనకు ప్రేమ ఎక్కువ. ఈ ఆట మహిమ అంతా అక్కడనే ఉన్నదని నా నమ్మకం. ఐనా కథ ఆగదు. మిగిలినవాళ్ళు లేచి ముందుకు నడవాలి. వాళ్ళను నడిపించవలసినవాడు ఆడే పిల్లవాడే.

మర్నాడు సద్దుల బతుకమ్మ. వాడు తెల్లవారకముందే నన్ను లేపి, "తాతా, నాయనమ్మ ఉంటే ఈపాటికి పూలు తెప్పించేది గదా!" అన్నాడు. ఇద్దరం పోయి తంగేడు పూలు, గునుగు పూలు తెచ్చాం. వాళ్ళమ్మ బతుకమ్మను పేర్చింది. సాయంత్రం చెరువులో బతుకమ్మ నీటి మీద పోతుంటే వాడు మళ్ళీ ఏడ్చాడు. ఈసారి నేనూ ఏడ్చాను. వాణ్ణి వద్దనలేదు.

పిల్లలూ! ఆట మంచిదని చెప్పాను గదా అని రాత్రింబగళ్ళు ఆడమని అర్థం కాదు. అమెరికాలో ఈ ఆట మీద 13 ఏళ్ళు దాటినవారికని ముద్ర వేశారు. అంతకు చిన్నవారు ఆగండి, కథ ఎక్కడికీ పోదు. మేము గంటకు మించి ఆడకూడదని నియమం పెట్టుకున్నాం. ఆటను దాచుకునే చోటు రాగానే దాచుకుని లేవాలి. శత్రువును గెలవటం కంటె, ఆ క్షణంలో లేవటమే కష్టం. అది చేయగలిగినవాడే వీరుడు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. పిల్లవాడి చేతిలోనుంచి ఆట లాక్కోవటానికి ముందు, ఒక్క సాయంత్రం వాడి పక్కన కూర్చోండి. "కథ ఎక్కడిదాకా వచ్చిందిరా?" అని అడగండి. చెడ్డ ఆట ఐతే మీకే తెలుస్తుంది, అప్పుడు ఆపవచ్చు. మంచి కథ ఐతే, వాడు మీకు చెప్పలేక దాచుకున్న సంగతి ఏదైనా బయటపడవచ్చు.

మూడవ సీడీ ఇంకా మిగిలి ఉన్నది. సంక్రాంతి సెలవులకు మనుమడు వస్తాడు. వాడు లేనిదే దాన్ని ముట్టుకోనని మాట ఇచ్చాను.